నలభై ముడుల తాడు

ఆయన్ని అందరూ మళ్ళీ మాస్టారు అనేవాళ్ళు. ఎదురుగా మాస్టారూ అని, వెనకాల మళ్ళీ అని. తడి కట్టెతో నిప్పు రాజేసి, నుదుటి చెమట తుడుచుకుని, మెప్పు కోసం తలెత్తి చూసిన ప్రతివాడికీ ఆయన దగ్గర దొరికింది ఆ ఒక్క మాటే. "మళ్ళీ." నిప్పు రాజుకోకపోయినా అదే మాట, అదే గొంతు. ఈయనకి మెచ్చుకోవడమూ రాదు, తిట్టడమూ రాదు, ఇంట్లో ఆవిడ ఎలా వేగుతోందో అని శిక్షణకి వచ్చినవాళ్ళు జాలిపడేవాళ్ళు. ఆవిడ జాలిని గుమ్మం ఎక్కనిచ్చే మనిషి కాదు. "ఇంట్లో ఆ మాటంటే గరిటె ఎగిరొస్తుందని తెలుసు. అందుకే ఇంట్లో మూగనోము," అనేది.

ఆయన పని చెప్పడం తేలిక. అడవుల్ని కొలిచే సర్వే శాఖలో కొత్తగా చేరినవాళ్ళకి, దారి తప్పితే చావకుండా ఉండటం నేర్పాలి. దానికి శాఖ కాగితాల్లో రెండు పంక్తుల పొడుగు పేరుంది. ఆ పేరు పూర్తిగా పలికినవాణ్ణి ఎవరూ చూడలేదు.

కేంద్రం ఊరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంది. ఒక లెక్చరు హాలు, సామాన్ల గది, రేకుల షెడ్డు, దాని వెనక పెరడు. హాల్లో ఆయన అడుగుపెట్టింది తక్కువ. పెరట్లో ఒక ఇనప పీపా ఉండేది, అందులో కట్టెలు రాత్రంతా నానేవి. పక్కన ఐసుగడ్డలు వేసిన బకెట్టు. బల్ల మీద మూతి వంగిన ఫ్యాను. నానిన కట్టెని కత్తితో నిలువునా చీల్చాలి, లోపల తడి తగలని భాగం బయటపడేదాకా చీల్చాలి. దాన్నుంచి పెన్సిలు చెక్కితే రాలే పొట్టులాంటి పలచటి చుట్టలు తియ్యాలి. వాటి మీద పుల్లలు, పుల్లల మీద వేలంత లావు ముక్కలు. అగ్గిపుల్లలు మూడే ఇస్తారు. వినడానికి ఇంతే. విన్నవాళ్ళందరూ ఓస్, ఇంతేనా అన్నవాళ్ళే.

మొదటి రోజు ప్రతివాడి చేతిలో మూరెడు తాడు పెట్టేవాడు. దానికి నలభై ముడులు. ఒక మంటకి ఒక ముడి విప్పుకోవాలి. మొదటి పది మంటలూ మామూలుగా. తర్వాతి పదీ, వేళ్ళు మొద్దుబారేదాకా బకెట్లో చేతులు ముంచాక. ఆ పైన పదీ, పెరటి చుట్టూ పరిగెత్తి రొప్పుతూ, ఫ్యాను గాలి పొయ్యిలోకి కొడుతుండగా. ఆఖరి పదీ, కుడి చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి, ఉత్త ఎడమచేత్తో. ముడి కూడా అదే చేత్తో, అదే చలి వేళ్ళతో విప్పాలి. పదో రోజుకి నున్నటి తాడు తెచ్చి చూపించినవాడి కార్డు మీద ఆయన "నలభై" అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం లేనిదే అడవిలోకి జీపు ఎక్కనివ్వరు.

ఇంకోటుంది, ఈల. ఎప్పుడు ఊదుతాడో తెలీదు. ఊదగానే ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడాలి. దారి తప్పానని తెలిసిన మరుక్షణం మనిషి కాళ్ళు పరిగెత్తమంటాయి, ఆ పరుగే చంపుతుంది. బుర్రకి చెప్పి లాభం లేదు కాబట్టి ఆయన మోకాళ్ళకి చెప్పేవాడు. ఒకసారి పెద్దాఫీసరు తనిఖీకొచ్చి భోజనాల షెడ్డులో అడుగుపెట్టిన క్షణాన ఈల మోగింది. ముప్ఫైమంది పళ్ళాలతో సహా నేల మీద కూలబడ్డారు. అంత మర్యాద తనకెక్కడా జరగలేదనుకుని ఆఫీసరు చాలా సంతోషించాడట.

ఈ పిచ్చి ఆయనకి సగం తండ్రి దగ్గర నుంచి వచ్చింది. తండ్రి దర్జీ. కొడుకుని పదేళ్ళప్పుడే బల్ల కింద కూర్చోబెట్టి పాత గుడ్డముక్కల మీద కాజాలు కుట్టించేవాడు. గుండీ పట్టే చిల్లు చుట్టూ కుట్టే కుట్టది, కూసింత వదులైతే చొక్కా నెల తిరక్కుండా నోరు తెరుస్తుంది. రోజుకి యాభై. కుట్టినవన్నీ గట్టిగా లాగి చూసి, ఏమీ అనకుండా ఇంకో గుడ్డముక్క విసిరేవాడు. పిల్లవాడు దర్జీపనిని ప్రాణం పోయేంతగా అసహ్యించుకుని, పారిపోయినట్టే చదువుకున్నాడు.

మిగతా సగం ఇరవయ్యారో ఏట వచ్చింది. అప్పుడాయనా సర్వేయరే. నిప్పు రాజేసే పద్ధతి మీద రాతపరీక్షలో ప్రశ్న వస్తే బొమ్మ గీసి మరీ జవాబు రాసినవాడు, పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు. ఆ ఏడు వానల్లో ఆయనా తోటి సర్వేయరూ క్యాంపుకి రెండు మైళ్ళ దూరంలో దారి తప్పారు. కట్టె ఎలా చీల్చాలో తెలుసు. గాలికి ఏ పక్క కూర్చోవాలో తెలుసు. అగ్గిపెట్టె మైనం కాగితంలో పొడిగా ఉంది. వేళ్ళు మాత్రం పుల్లని పట్టుకోలేదు. పట్టుకున్నవి విరిగాయి, విరగనివి జారి బురదలో పడ్డాయి. పెట్టె మొత్తం అలాగే ఖాళీ అయింది. పక్కవాడు వణకడం మానేస్తే, పోన్లే కాస్త తేరుకున్నాడనుకున్నాడు. తెల్లారేసరికి పక్కవాడు లేడు.

సంతాపసభలో వక్తలందరూ ఈయన మనోధైర్యాన్ని పొగిడారు. తను బతికింది తండ్రి కుట్టిన రెండు పొరల కోటు వల్లనని ఆయనకి తెలుసు. గుండీలు ఒక్కటీ ఊడలేదు. కాజాలు గట్టివి.

ధైర్యాన్ని పొగడటంలో ఉన్న సుఖం ఏమిటంటే, దానికి ఏర్పాట్లేం అక్కర్లేదు. పీపా కొననక్కర్లేదు, ఐసు తెప్పించనక్కర్లేదు, పదిరోజులు జీతమిచ్చి మనుషుల్ని పెరట్లో కూర్చోబెట్టనక్కర్లేదు. పోయినవాడికి అది లేదనీ, వచ్చినవాడికి ఉందనీ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఆ సభలోంచి లేచొచ్చిన మనిషి సర్వే పని వదిలేసి, ఎవరూ అడగని శిక్షకుడి కొలువు అడిగి పుచ్చుకున్నాడు. పందొమ్మిదేళ్ళు చేశాడు. ఆ పందొమ్మిదేళ్ళలో ఆయన సంతకంతో వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ చలికి చావలేదు. చావనివాళ్ళ లెక్క ఏ శాఖా రాసుకోదు. అది ఆయన చేతకానితనమో అదృష్టమో అన్నట్టుగా, ప్రతి రెండేళ్ళకీ ఎవరో ఒక అధికారి వచ్చి, పదిరోజులెందుకండీ, రెండు రోజులు చాలవూ అని అడిగి పోయేవాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ నలభై నిలబడితే చాలు, ఇంకేం పోయినా ఫర్లేదన్నట్టు బతికాడు.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క కార్డు మీద అబద్ధం రాశాడు. చెల్లెలి కొడుకు కార్డు అది.

మేనల్లుడు చురుకైనవాడు. మాటకారి. ఎక్కడ నిలబడితే అక్కడ నలుగురు పోగవుతారు. మొదటి రోజే, చూసిన వెంటనే, ఏడు నిమిషాల్లో నిప్పు రాజేశాడు. పెరట్లో అంత తొందరగా అంతకుముందు ఏ కొత్తవాడూ వెలిగించలేదు. లేచి నిలబడి మేనమామ వంక చూశాడు.

"మళ్ళీ," అన్నాడు మాస్టారు.

"మావయ్యా, వచ్చేసిన పనే మళ్ళీ చెయ్యమంటే ఎలా? చదివేసిన పేపరు తిరగేసి చదివినట్టుంటుంది."

"పెరట్లో మావయ్యా లేదు, గియ్యయ్యా లేదు. మళ్ళీ."

అదే బ్యాచ్‌లో ఒక చైన్‌మ్యాన్ ఉన్నాడు. సర్వేయర్ల వెనక కొలతగొలుసు మోసుకుంటూ నడిచే మనిషి. వయసు నలభై దాటింది. నోట్లోంచి మాట రావడం గగనం కాబట్టి మేనల్లుడు అతనికి పొదుపన్న అని పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది. పొదుపన్నకి మూడు రోజులు ఒక్క మంటా పడలేదు. కత్తి జారేది, పుల్లలు తడిసేవి. మేనల్లుడు పక్కన గొంతుక్కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాడు.

"పొదుపన్నా, నిప్పు కూడా పొదుపేనా? కాస్త వాడవయ్యా!"

అతను నవ్వి, ఇంకో కట్టె తీసుకునేవాడు. నాలుగో రోజు ఒకటి వెలిగింది. అయిదో రోజు నాలుగు. తొమ్మిదో రోజు సాయంత్రానికి, కుడి చెయ్యి తువ్వాలులో, ఎడమ చెయ్యి మసిలో, నలభయ్యో ముడి పంటితో పట్టుకుని లాగబోతే మాస్టారు ఒప్పుకోలేదు. వేళ్ళతోనే విప్పాడు. పావుగంట పట్టింది.

మేనల్లుడు పది ముడులు రెండు రోజుల్లో ఊది పారేశాడు. పదకొండోది బకెట్లో చేతులు పెట్టాక చెయ్యాల్సింది. అది యాభై నిమిషాలు పట్టింది. అగ్గిపుల్లలు మూడు చాలక తొమ్మిది తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పని తన మాట వినలేదని వాడికి అవమానమైంది. మర్నాడు జ్వరమన్నాడు. ఆ మర్నాడు ఒళ్ళునొప్పులు. ఇలాంటి జ్వరాలు మాస్టారు చాలా చూశాడు. వాడింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి, వాడు పెరట్లో వదిలేసిపోయిన తాడు చూపించి వచ్చాడు. తొమ్మిదో రోజున పోస్టింగు ఉత్తర్వు వచ్చింది. సోమవారం బయల్దేరే క్యాంపులో వాడి పేరుంది, కార్డు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ క్యాంపు ఏడాదికి గాని రాదు.

ఆదివారం పొద్దున్నే చెల్లెలు వచ్చింది. వంటింట్లో పీట లాక్కుని కూర్చుని, వదిన చేతిలోని కత్తిపీట తీసుకుని, తనే కూరలు తరగడం మొదలుపెట్టింది. మాట పెద్దదని అందరికీ అర్థమైంది.

"అన్నయ్యా, వాడికి నిప్పు పెట్టడం వచ్చా, రాదా? అది చెప్పు చాలు."

"పొడి చేతులతో వచ్చు."

"ఒకసారి వచ్చినవాడికి రెండోసారి రాదా?"

"రాదు. అందుకే నలభై."

"నీకు నాన్న కాజాల పిచ్చి పట్టింది. చెట్టంత కొడుకు ఏడాదిపాటు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి, నీ తాటికి ముడులున్నాయని! ఊళ్ళోవాళ్ళ పిల్లలకి సంతకాలు పెట్టే చెయ్యి, ఇంట్లో పిల్లాడి దగ్గరికొచ్చేసరికి పడిపోయిందా?"

"ఊళ్ళోవాళ్ళ పిల్లలు విప్పుకున్నారే."

చెల్లెలు కత్తిపీట పక్కన పెట్టింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. "నువ్వు పరీక్షలకి చదువుకుంటున్న రోజుల్లో నీ వాటా కాజాలు ఎవరు కుట్టారు?" అంది. "రోజుకి యాభై నావి, యాభై నీవి. నాన్నకి నీ కుట్టుకీ నా కుట్టుకీ తేడా తెలీదనుకున్నావా? తెలిసే ఊరుకున్నాడు. ఆయన పాటి మనసు నీకు లేదు."

అది నిజం.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని, మేనల్లుడి తాడు ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన ఇరవైతొమ్మిది ముడులూ తనే విప్పాడు. బిగించింది తన చేతులే, తేలిగ్గా రాలేదు. బొటనవేలి గోరు చిరిగింది. భార్య గుమ్మానికి ఆనుకుని చూసింది.

"ఇంతసేపూ వాణ్ణి పెరట్లో కూర్చోబెట్టుంటే ఓ ఆరు మంటలు వెలిగించేవాడు," అంది.

"రమ్మన్నాను. నిద్రపోతున్నాడట."

కార్డు మీద నలభై అని రాసి సంతకం పెట్టాడు. ఆ సున్నా కొంచెం వంకరగా వచ్చింది. ఎవరూ గమనించలేదు, గమనించేంత విషయం కాదు.

నాలుగో వారంలో కబురు వచ్చింది. వానలో, పొగమంచులో మేనల్లుడూ పొదుపన్నా జట్టు నుంచి విడిపోయారు. క్యాంపు కిందనే ఉందని మేనల్లుడు దిగువకి నడిచాడు, నడక పరుగైంది, వాగులో పడ్డాడు. పొదుపన్న లాగాడు. మూడో రోజు వెతికేవాళ్ళకి కొండచరియ కింద నుంచి పొగ కనిపించింది. ఇద్దరూ బతికే ఉన్నారు.

మర్నాడు పత్రికల్లో మేనల్లుడి ఫొటో వచ్చింది, దుప్పటి కప్పుకుని, వేలు పైకెత్తి. "నాకు ఒక్కటే తెలుసు, నేను ఓడిపోకూడదు," అన్నాడట. "నిప్పు ముందు మన గుండెల్లో రాజుకోవాలి," అని కూడా అన్నాడట. వాడు అబద్ధం ఆడలేదు. వాడికి తన గుండె చప్పుడు వినిపించింది, అదే చెప్పాడు. రెండు రోజులూ వాడు చేసిందల్లా దాన్ని వినడమే. పక్కనున్న మనిషి గురించి అడిగితే, "చాలా సహకరించాడు," అన్నాడు.

మాస్టారు ఆస్పత్రికి వెళ్ళాడు. మేనల్లుడి గదిలో పూలగుత్తులు, మైకులు. నాలుగు గదులవతల, పదహారు మంచాల వార్డులో, పొదుపన్న కుడి చేతికి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్ళ కొసలు కమిలి ఉన్నాయి.

"చెయ్యెప్పుడు విరిగింది?"

"బాబుగారిని లాగినప్పుడండి."

"తర్వాత?"

"కూర్చున్నామండి. ఆయన నడుద్దామన్నారు. నేను కాలు పట్టుకుని కూర్చోబెట్టానండి."

"నిప్పు?"

"పెట్టానండి."

"ఎడమచేత్తో."

"కుడిది లేదు కదండీ."

"ఎన్ని పుల్లలు?"

పొదుపన్న కొంచెం ఆలోచించాడు. "రెండండి. మొదటిదాని మీద చినుకు పడింది."

"భయం వెయ్యలేదా?"

"వేసిందండి. పనుంది కదండీ." తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించాడు. "వెలిగాక, మీరు మళ్ళీ అంటారేమో అనిపించిందండి. పక్కన ఇంకో పొయ్యికి కూడా పొట్టు తీసి పెట్టుకున్నాను. తెల్లారుజామున మొదటిది ఆరిపోతే అది పనికొచ్చింది."

పందొమ్మిదేళ్ళ పనికి మాస్టారికి దొరికిన సన్మానం అదే. దానికి ఫొటో లేదు.

సాధన చేసినవాడి దగ్గర కథ ఉండదు. ఉండటానికి వీల్లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాక చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? చేతకానివాడి దగ్గర మాత్రం భయం ఉంటుంది, ఆశ ఉంటుంది, దేవుడుంటాడు, అమ్మ గుర్తొస్తుంది. రెండు గంటలు చెప్పినా తరగదు. విచారణ కమిటీ ఇద్దర్నీ పిలిచింది. మేనల్లుడు పద్దెనిమిది పేజీలు చెప్పాడు. పొదుపన్న చెప్పింది గుమాస్తా ఒక్క పంక్తిలో రాసుకున్నాడు: నిప్పు పెట్టాను.

రెండు నెలల్లో ఉత్తర్వు వచ్చింది. పదిరోజుల శిక్షణ రద్దు. దాని స్థానంలో ఒక పూట ప్రసంగం, మనోబలం మీద. వక్త, మేనల్లుడు.

ఆ కాగితం పట్టుకుని మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ కార్డు సంగతి చెప్తే ఏమవుతుంది?" అంది భార్య.

"వాడి ఉద్యోగం పోవచ్చు. నాదీ పోవచ్చు. చెల్లెలు మొహం చూడదు."

"చెప్పకపోతే?"

"ఎవరో ఒకరు పోతారు."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డారేం? చెప్పులు బయటే ఉన్నాయి."

కొత్త డైరెక్టరు మంచివాడే. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చినవాడు కాబట్టి ఎవరినీ కసురుకోడు. మాస్టారు టీ ముట్టుకోకుండా అంతా చెప్పేశాడు. పదకొండు ముడులు, ఇరవైతొమ్మిది ముడులు, వరండా, వంకర సున్నా.

డైరెక్టరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "నన్ను అర్థం చేసుకోనివ్వండి మాస్టారూ. మీ మేనల్లుడు చేసినవి పదకొండే."

"పదకొండోది కూడా సరిగ్గా చెయ్యలేదండీ."

"అయినా బతికొచ్చాడు."

"పక్కనున్న మనిషి వల్ల వచ్చాడు. ఆ మనిషి నలభై చేశాడు."

"ఆ మనిషినీ అడిగాం. నిప్పు పెట్టానన్నాడు, అంతే. ఆ ఒక్క ముక్క మీద నేను పదిరోజుల కోర్సుకి నివేదిక రాయలేను కదండీ. పైవాళ్ళకి నేనేం చూపించాలి? పదకొండుతో బతికినవాడు ఒకడున్నాడని ఇప్పుడు మీరే చెబుతున్నారు. అంటే మిగతా ఇరవైతొమ్మిదీ దండగేనని మీ నోటితో మీరే అన్నట్టయింది."

"అలా కాదండీ..."

"ఇంకో సంగతి." డైరెక్టరు గొంతు ఇంకా మెత్తబడింది. "ఒక సంతకం తప్పుడుదని మీరే ఒప్పుకుంటున్నారు. రేపు ఎవరైనా పందొమ్మిదేళ్ళ కార్డులన్నీ బయటికి తీస్తే? మిగతావన్నీ నిజమని ఎవరు నమ్ముతారు? మీ మంచి కోరి చెబుతున్నాను, ఈ మాట ఈ గదిలోనే వదిలేసి వెళ్ళండి."

ఒక్క కాజా నోరు తెరిస్తే చొక్కా మొత్తం విప్పేస్తారని ఆయనకి తట్టలేదు. తండ్రి ఉంటే చెప్పేవాడు.

మేనల్లుడికి ఏమీ కాలేదు. మాస్టారిని సామాన్ల గదికి మార్చారు, నలభై అయిదేళ్ళకే వయసు రీత్యా అని రాసి. డైరెక్టరు ఆ మాట గదిలో వదిలేశాడు గానీ గదికి తలుపుంది, తలుపవతల గుమాస్తా ఉన్నాడు. వారం తిరిగేసరికి చెల్లెలికి తెలిసింది. మళ్ళీ రాలేదు. బజారులో ఎదురైనప్పుడు వదినతో అన్నదట: "పిల్లాడు బతికొచ్చాడని కాకుండా, ఎలా బతికొచ్చాడని లెక్క అడిగే మేనమామని ఎక్కడా చూళ్ళేదు."

సామాన్ల గదికి ఒకరోజు అట్టపెట్టె వచ్చింది. విప్పితే తాళ్ళు. మూరెడేసి, ఎర్రరంగువి, కొసలకి ఇత్తడి బిళ్ళలు. ఒక్కోదానికీ నలభై ముడులు, అన్నీ ఒకే ఎడంలో, కొలిచి వేసినట్టు. కేంద్రం సంప్రదాయాన్ని గౌరవిస్తూ, ప్రసంగానికి వచ్చిన ప్రతివాళ్ళకీ జ్ఞాపికగా ఇవ్వాలని మేనల్లుడే సూచించాడట. మావయ్య సంతోషిస్తాడని అన్నాడట. వాడు నిజంగానే అలా అనుకుని ఉంటాడు.

మాస్టారు ఒకటి తీసి గోటితో మొదటి ముడిని కదిపాడు. రాలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ప్రతి ముడి మీదా జిగురు మెరుస్తోంది, ఊడిపోకుండా.

మొదటి ప్రసంగానికి ముప్ఫైరెండుమంది వచ్చారు. తాళ్ళు పంచడానికి మాస్టారు హాలు వెనక నిలబడ్డాడు. మేనల్లుడు బాగా మాట్లాడాడు. చెప్పాల్సిన చోట ఆగాడు, ఆగిన చోట నీళ్ళు తాగాడు. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయే చివర్లో లేచి అడిగింది, "సార్, అంత వానలో అసలు నిప్పు ఎలా పెట్టారు?"

మేనల్లుడు ఇంకో గుక్క నీళ్ళు తాగాడు. ఆ తర్వాత వెనక్కి చూసి, చెయ్యి చాపి, ప్రేమగా నవ్వాడు. "దానికి మా గురువుగారున్నారు. మావయ్యా, ఒక్కసారి చూపించరూ!"

కట్టె ఎవరో సిద్ధంగా తెచ్చారు. హాలు నేల మీద రేకు పరిచారు. ఆయన వద్దనబోయాడు. కట్టె చేతిలోకి రాగానే చేతులు వద్దనలేదు. చీల్చాడు, పొట్టు తీశాడు, పుల్లలు పేర్చాడు, గీశాడు. నాలుగు నిమిషాల్లో మంట నిటారుగా లేచింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతి పనికి చప్పట్లు మోగడం అదే మొదటిసారి. గారడీవాడికి కొట్టినట్టు, సంబరంగా, చాలాసేపు కొట్టారు.

"మళ్ళీ," అన్నాడు మాస్టారు, ఆ అమ్మాయి వైపు కట్టె చాపి.

"అయ్యో, నాకు రాదు సార్," అని నవ్వి ఆమె వెనక్కి జరిగింది. ఇంతలో భోజనాల గంట కొట్టారు.

మధ్యాహ్నం జీపులు వచ్చాయి. ఆ బ్యాచ్ ఆ రోజే క్యాంపుకి బయల్దేరుతోంది. అందరి సంచులకీ ఎర్రతాళ్ళు వేలాడుతున్నాయి. చినుకులు మొదలయ్యాయి. చైన్‌మ్యాన్‌గా వాళ్ళతో వెళ్తున్నది పొదుపన్న. అతుక్కున్న కుడి చెయ్యి కొంచెం వంకరగా ఉంది, గొలుసు మూట ఎడమభుజానికి మార్చుకుని జీపు వైపు నడుస్తున్నాడు.

సామాన్ల గది మెట్ల మీద నిలబడ్డ మాస్టారు ఎందుకు చేశాడో తెలీదు. జేబులోంచి ఈల తీసి ఊదాడు.

ముప్ఫైరెండు తలలు ఆయన వైపు తిరిగాయి. ఎవరిని పిలుస్తున్నాడో తెలీక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెట్ల కింద నిలబడ్డ మేనల్లుడి మోకాళ్ళు ఒక్క అర క్షణం వదులయ్యాయి. వాడు వాటిని వెంటనే సర్దుకున్నాడు.

పొదుపన్న మాత్రం మూటతో సహా బురదలో చతికిలబడ్డాడు.

ముందు ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. తర్వాత అందరూ నవ్వారు. "చూడండి, మా పొదుపన్న కాళ్ళు కూడా పొదుపే!" అన్నాడు మేనల్లుడు, నవ్వు ఇంకా పెరిగింది. పొదుపన్న లేవలేదు. మాస్టారు ఇంకేదో చెబుతాడని చూస్తూ, వానలో, అలాగే కూర్చున్నాడు. లెమ్మని చెయ్యి ఊపడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.